జానయ్య బలం ఎన్ని కిలోలు?

ఫిజియోథెరపీ చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ అందరూ దాదాపు ఒకటే అడుగుతారు: "సార్, మనిషి బలం కొలవడానికి ఏ మిషన్ మంచిది?" నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "మీరెప్పుడైనా నిండు బస్తా ఎత్తారా?" ఎత్తనివాళ్లు నవ్వుతారు. ఎత్తినవాళ్లు నవ్వరు, నడుం సర్దుకొని కూర్చుంటారు. ముందు ఎత్తి రండి, మిషన్ సంగతి తరువాత చూద్దాం అంటాను. ముసలాయనకు చాదస్తం ఎక్కువైందని అనుకుంటూ పోతారని నాకు తెలుసు.

చాదస్తమే. అయితే అది నాకు ఊరికే రాలేదు. ఒక హమాలీ కాగితం మీద నేను రాసిన ఒక్క వాక్యం అతని పేరును బజారుకు ఈడ్చింది. దాన్ని వెనక్కి తీసుకునేసరికి నాకు వచ్చిన తెలివి ఇది. ముప్పై ఏళ్లకు పైగా పాలమూరు, నల్లగొండ జిల్లాల సర్కారు దవాఖానల్లో పనిచేశాను. ప్రమోషన్ల గురించి రాయను. అవి ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక కుర్చీ తప్ప ఏమీ మారలేదు. జానయ్య గురించి రాస్తాను.

బిందెతో కొలిచిన రోజులు

ఉద్యోగం తొలినాళ్లలో కొల్లాపూర్‌లో ఉన్నప్పుడు నా గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకు ఒక అద్దం ఉండేవి. బలం కొలిచే యంత్రం అనేది పుస్తకంలో బొమ్మగా చూడడమే. అయినా బలం కొలిచేవాణ్ణి, నోటితో.

ఒకసారి మోకాళ్ల నొప్పులని ఒక అవ్వ వచ్చింది. "అవ్వా, బిందె ఎత్తుతున్నవా?" అని అడిగాను.

"నిండు బిందె ఎత్తక రెండేండ్లాయె బిడ్డా. సగం సగం రెండుసార్లు తెచ్చుకుంట."

"కింద కూసుంటే చెయ్యి ఆనించకుండ లేస్తవా?"

"గోడ లేంది లెవ్వ."

ఈ రెండు జవాబుల్లో నాకు కావలసినదంతా ఉంది. ఒక్కసారిగా ఎత్తే బలం సగానికి పడిపోయింది. కానీ సగం బరువును రెండుసార్లు మోసే ఓపిక మిగిలే ఉంది. అంటే కండ చావలేదు, పనిలేక చిక్కిపోయింది. మోకాళ్ల కన్నా ముందు తొడలు బలహీనపడ్డాయి. మంచం అంచు మీద కూర్చొని లేవడం, పొద్దున పది సార్లు, సాయంత్రం పది సార్లు చెప్పి పంపాను. నాలుగు నెలలకు వచ్చి తిట్టింది: "ముప్పావు బిందె తెస్తున్ననని మా కోడలు పనులన్ని నాకే చెప్తాంది. నీ వైద్యం పాడుగాను!"

నా ఉద్యోగంలో నాకు దొరికిన మంచి సర్టిఫికెట్లలో అది ఒకటి. మనిషి రోజూ చేసే పని ఏదో అడిగి, ఆ పనిలోనే అతని కండను కొలవాలి. ఇది నాకు అప్పుడే తెలుసు. తెలిసిన దాన్ని మరిచిపోవడానికి నాకొక యంత్రం కావలసి వచ్చింది.

గొలుసు మిషన్

తెలంగాణ వచ్చిన కొత్తలో నన్ను నల్లగొండ జిల్లాలో గంజ్, అంటే ధాన్యం మార్కెట్, ఉన్న ఒక పట్నానికి బదిలీ చేశారు. ఊరు పేరు, దవాఖాన పేరు రాయను. తప్పు నాది, వాటిది కాదు. అక్కడి సూపరింటెండెంట్ సారు ఎముకల డాక్టరు. చెయ్యి మంచిది, నోరు చిన్నది. ఎవరు ఏం చెప్పబోయినా "కథలొద్దు, నంబర్ చెప్పు" అనేవాడు. ఆయన పట్టుబట్టి తెప్పించిందే గొలుసు మిషన్.

చూడటానికి పెద్ద విశేషం లేదు. కాళ్లు పెట్టి నిలబడటానికి ఒక ఇనుప పలక, దానికొక గొలుసు, గొలుసు చివర పిడి, మధ్యలో గడియారం లాంటి ముఖం. పిడి పట్టుకొని నడుం, తొడలు కలిపి పైకి లాగితే ముల్లు తిరుగుతుంది. ఎన్ని కిలోల జోరు పెట్టావో చెబుతుంది. డబ్బా విప్పిన వారం దవాఖాన అంతా నా గదిలోనే ఉంది. వాచ్‌మన్ లాగాడు, అంబులెన్స్ డ్రైవర్ లాగాడు. వార్డు సిస్టర్ లాగితే ఎక్స్‌రే ఆయన కన్నా పన్నెండు కిలోలు ఎక్కువ వచ్చింది. ఆయన తన చెప్పులు జారాయన్నాడు. చెప్పులు విప్పి లాగితే ఇంకా తగ్గింది.

నాకు ఆ యంత్రం మీద మోజు పుట్టింది. నిజం ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్లు బిందెలు, గోడలు అంటూ మాట్లాడిన నా మాటకు ఇప్పుడు ఒక అంకె తోడైంది. సూపరింటెండెంట్ సారు మొదటిసారి నా రిపోర్టును చివరిదాకా చదివాడు.

ఆ యంత్రం అబద్ధం చెప్పదు. కానీ మనం అడిగిన దానికే జవాబు చెబుతుంది. ఒక్క క్షణంలో, ఒక్కడివే, నిశ్శబ్దంగా ఎంత లాగగలవు? దాని ప్రశ్న అంతే. బతుకు ఆ ప్రశ్న ఎంతమందిని అడుగుతుందో మీరే ఆలోచించండి.

మూడు లాగుళ్లు

జానయ్యకు అప్పటికి నలభై అయిదు దాటి ఉంటాయి. వాళ్ల ఊరు దేవరకొండ దగ్గర. వానలు లేక, బోర్లు ఎండి సేద్యం విడిచి పట్నం వచ్చాడు. పందొమ్మిదేళ్లుగా గంజ్‌లో హమాలీ. హమాలీలు ముఠాలుగా పనిచేస్తారు. ముఠాకు ఒక మేస్త్రి. ముఠాలో జాగా దొరకడం తేలిక కాదు, ఒకరు తప్పుకుంటేనే ఇంకొకరు. జానయ్య ముఠాకు మేస్త్రి సైదులు.

లారీ దగ్గర బస్తా ఎత్తేటప్పుడు జానయ్య నడుం పట్టేసింది. రెండు నెలలు నేనే వైద్యం చేశాను. మాట తక్కువ మనిషి. చెప్పిన వ్యాయామం చెప్పినట్టు చేశాడు. నొప్పి పోయింది. పనిలోకి తీసుకోవాలంటే శరీర దారుఢ్యం ఉందని దవాఖాన నుంచి కాగితం తెమ్మని మార్కెట్ కమిటీ వాళ్లు అన్నారు. మాకు యంత్రం ఉంది కదా, కాగితానికి అంకె కూడా కావాలి.

పరీక్ష రోజు జానయ్య వెంట సైదులు వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోయాడు.

"సార్, జర నేను గూడ లోపట్నే..."

"ఇది పరీక్ష. నువ్వు బయట ఉండు," అన్నాను. పరీక్ష గదిలో మూడో మనిషి ఉండకూడదని మాకు నేర్పారు. తలుపు వేశాను.

జానయ్యను పలక మీద నిలబెట్టి, కాళ్లు ఎక్కడ పెట్టాలో, నడుం ఎలా ఉంచాలో చూపించాను. "ఊఁ, లాగు," అన్నాను. అరవై దగ్గర ముల్లు ఆగింది. కాస్త ఆగి మళ్లీ లాగమన్నాను. ముప్పై అయిదు. మూడోసారి ఎనభై అయిదు. లాగే ముందు ప్రతిసారీ అతని కళ్లు తలుపు వైపు పోతున్నాయి.

"ఏమైంది జానయ్యా, జోరు పెడ్తలేవు?"

"పెడ్తున్న సార్," అన్నాడు. తల వంచుకున్నాడు.

మా చదువులో ఒక సూత్రం చెబుతారు. నిజంగా శక్తి అంతా పెట్టి లాగినవాడి మూడు అంకెలు దగ్గర దగ్గరగా వస్తాయి. నటించేవాడికి పోయినసారి ఎంత తగ్గించాడో గుర్తుండదు గనుక అంకెలు చెల్లాచెదురుగా వస్తాయి. ఆ సూత్రం వందకు ఎన్నిసార్లు నిజమో ఆలోచించకుండా నమ్మినవాణ్ణి నేను. పైగా ఆ దొంగచూపులు. ఇంకొన్నాళ్లు ఇంటి పట్టున ఉండాలని చూస్తున్నాడనుకున్నాను. చేతనై ఉండి కూడా తక్కువ చేసి చూపిస్తున్నాడని, ప్రయత్నంలో నిజాయితీ లేదని అర్థం వచ్చేలా ఒక ఇంగ్లీషు వాక్యం రాశాను. సూపరింటెండెంట్ సారు మూడు అంకెలూ చూసి దస్కత్ చేశాడు.

పదికి పది

ఆ వారంలోనే నరేష్ అనే యువకుడు వచ్చాడు. పోలీసు ఉద్యోగానికి తయారవుతూ, రోజూ జిమ్‌లో బరువులెత్తేవాడు. ఛాతీ చూస్తే తలుపుకు అడ్డం పెట్టొచ్చు. నోటిఫికేషన్ వచ్చేదాకా ముఠాలో పనిచేద్దామని, నా కాగితంతో జానయ్య జాగా ఖాళీ అయింది గనుక అడిగాడు. అతనికీ కాగితం కావాలి. పిడి పట్టి లాగితే ముల్లు నూట అరవై దాటింది. మూడుసార్లూ అంతే. నేను సంబరపడి రాశాను.

పనిలో చేరిన నాలుగో రోజు అతన్ని ఆటోలో తీసుకొచ్చారు. రెండు చేతుల పిడికిళ్లూ విచ్చుకోవడం లేదు, నడుం కొయ్యబారింది. వేడి కాపడం పెడుతుంటే నవ్వలేక నవ్వుతూ అన్నాడు: "సార్, మీ మిషన్ మీద పదికి పది, బస్తా కింద సున్న."

తప్పు అతనిది కాదు. ఒక్కసారి నూట అరవై లాగగల కండకు, యాభై కిలోల బస్తాను పొద్దంతా మోయడం వేరే విద్య. మొదటిది బలం, రెండోది ఓపిక. రెండింటికీ చుట్టరికం ఉంది. బలం బొత్తిగా లేనివాడు ఎక్కువసేపు మోయలేడు, ఎందుకంటే ప్రతి బస్తా అతనికి ఆఖరి బస్తాలాగే ఉంటుంది. కానీ బలం ఉన్నంత మాత్రాన ఓపిక దానంతటది రాదు. దాన్ని కండకు రోజూ కాస్త కాస్త నేర్పాలి. కండ దారుఢ్యం అంటే ఈ రెండూ కలిసినది. వీటిలో ఒక్కదాన్నే కొలిచి మొత్తం కొలిచానని రాసేవాడు సగం ఉద్యోగమే చేసినట్టు. ఆ వారం నేను ఆ సగం కూడా చేయలేదని ఇంకా నాకు తెలియదు.

ఎల్లమ్మ అడిగింది

నరేష్‌ను తెచ్చిన మర్నాడే ఒక ఆడమనిషి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. చేతిలో నేను రాసిన కాగితం, నాలుగు మడతలు పడి నలిగి ఉంది. వెనుక సైదులు.

"నేను జానయ్య ఇంటిదాన్ని సార్, ఎల్లమ్మను. మీరు రాసిన గీ ముక్క జర తెలుగుల సదివి చెప్పుండ్రి."

కాగితం తీసుకున్నాను. నేను రాసిన వాక్యమే. మళ్లీ మడిచి బల్ల మీద పెట్టాను.

"మీరు సదువకున్నా నాకు ఎరికే. గంజ్‌ల కమిటీ గుమాస్త అందర్ల సదివిండు. జానయ్య పనిదొంగ అని దవాఖానోల్లు రాసిండ్రు అని. పందొమ్మిదేండ్ల సంది బస్తాలు మోసినోడు పనిదొంగ ఎట్లయితడు సార్?"

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ముఠాల జాగ పోతే పోనీ, కూలికన్న పోతం. గని మా ఆయిన నాలుగొద్దుల సంది వాకిట్లకు వస్తలేడు. గంజ్ దిక్కు మొఖం పెడ్తలేడు. ఆయినకు ఉన్నది గా పేరొక్కటే. అది గూడ మీరు తీస్కుంటిరి."

హమాలీని ఎన్ని మాటలైనా అనొచ్చు, పనిదొంగ అనకూడదు. ముఠాలో ఒకడు తగ్గించి ఎత్తితే ఆ బరువు పక్కవాడి నడుం మీద పడుతుంది. అందుకే వాళ్ల దగ్గర ఆ మాట తిట్టు కాదు, వెలి. నేను ఆ మాట రాయలేదు నిజమే. రాసినదాని అర్థం మాత్రం అదే. గుమాస్తా తర్జుమాలో తప్పేమీ లేదు.

సిగ్గేసింది. అయినా అలవాటు కొద్దీ ఒక మాటన్నాను: "మరి మూడుసార్లు మూడు తీర్లుగ ఎందుకు లాగిండు?"

అప్పటిదాకా వెనుక నిలబడ్డ సైదులు నోరు విప్పాడు. "రేపు పొద్దుగాల గంజ్‌కు రాండ్రి సార్. మా కాడ బస్తా ఎట్ల లేస్తదో చూడుండ్రి. అటెనుక మీరే చెప్పుండ్రి."

గంజ్‌లో ఒక పొద్దు

పొద్దున ఏడింటికి పోయాను. వడ్ల కుప్పల మధ్య దుమ్ము లేస్తోంది. సైదులు నన్ను లారీ వెనుక నిలబెట్టాడు.

బస్తాకు ఇద్దరు, చెరో వైపు బస్తా మూలలు, వాళ్ల మాటలో చెవులు, పట్టి వంగారు. మోసేవాడు తలకు రుమాలు చుట్టుకొని వీపు వంచి నిలబడ్డాడు. అందరూ అలాగే ఆగారు. ఎవరి కండా కదలలేదు. "హైసా!" అన్నాడు సైదులు. ఆ మాటతో పాటే రెండు జతల చేతులూ లేచాయి, బస్తా మోసేవాడి వీపు మీద వాలింది. మళ్లీ ఇద్దరు వంగారు, మళ్లీ ఆగారు. "హైసా!"

గంటసేపు చూశాను. ఆ గంటలో ఒక్క మనిషి కూడా ఒంటరిగా, పిలుపు లేకుండా నేల మీది నుంచి బస్తా లేపలేదు.

"ముఠాలకు కొత్తగ వచ్చినోనికి మొదాలు నేర్పేది గిదే సార్," అన్నాడు సైదులు. "హైసా పడంది జోరు పెట్టొద్దు. ఒకడు ముందు లేపితే అవతలోని నడుం పోతది. జానన్న నడుం గట్లనే పోయింది. కొత్త పోరడు ఆగక లేపిండు. గా దినం సంది జానన్నకు పిలుపు ఇనబడంది చెయ్యి లేస్తలేదు. పిలుపిచ్చేటోని మీద నమ్మకం లేకుంటే హమాలీ ఏలు గూడ పెట్టడు సార్. గందుకే ఆ దినం లోపటికి వస్తనన్న. మీరు తలుపేసిరి."

అక్కడే ఒక వడ్ల బస్తా మీద కూర్చుండిపోయాను. మా బాపు నందికొండ దగ్గర నాగార్జునసాగర్ డ్యాం కట్టేటప్పుడు రాళ్లు మోసినవాడు. మాకు అప్పట్లో గుంట భూమి లేదు. బాపు ఎడమ భుజం మీద కాయ ఉండేది, చిన్నప్పుడు దాన్ని వేలితో నొక్కి ఆడుకునేవాణ్ణి. నలుగురు కావడి వేసి రాయి లేపేటప్పుడు పిలుపు ఎలా ఇచ్చేవారో బాపు అరిచి చూపించేవాడు, మేం నవ్వేవాళ్లం. హైసా నాకు తెలియని మాట కాదు. మా ఇంటి మాట. ప్రభుదాసు అనే నేను ఆ మాట పెట్టిన అన్నం తిని, ఆ అన్నంతో చదువుకొని, చదువు వచ్చాక ఆ మాట రాబోతుంటే తలుపు వేశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీలో చాలామంది కూలి చేసిన ఇళ్ల నుంచే వస్తున్నారు. మీకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. ఇంట్లో నేర్చుకున్నది పుస్తకంలో లేకపోతే అది తప్పని అనుకోకండి. పుస్తకం ఇంకా అక్కడిదాకా రాలేదని అనుకోండి.

సూపరింటెండెంట్ గదిలో

ఆ కాగితం తప్పని, మళ్లీ పరీక్ష చేస్తానని చెబితే సూపరింటెండెంట్ సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అది కోపానికి గుర్తు.

"దస్కత్ అయిన కాగితం మారిస్తే దవాఖాన ఇజ్జత్ ఏంగావాలె ప్రభుదాస్?"

"ఇజ్జత్ పోయింది దవాఖానది కాదు సార్, జానయ్యది."

"హైసా ఏ పుస్తకంల ఉన్నది?"

"ఏ పుస్తకంల లేదు సార్. గందుకే తప్పయింది."

కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "సరే, చెయ్యి. నేను గూడ చూస్త," అన్నాడు చివరికి.

జానయ్యను ఇంటికి పోయి పిలుచుకొచ్చింది సైదులే. నా ముఖం చూడకుండానే పలక ఎక్కి నిలబడ్డాడు. ముందు ఒంటికి వేడి పుట్టే వ్యాయామాలు చేయించాను, పోయినసారి ఆ పని కూడా సరిగ్గా చేయలేదు. తరువాత సైదులును గదిలోకి పిలిచి పక్కన నిలబెట్టాను. నేను నోరు మూసుకున్నాను.

"హైసా!"

నూట రెండు. కాస్త ఆగి మళ్లీ, నూట నాలుగు. మూడోసారి నూట మూడు. ఈసారి జానయ్య కళ్లు తలుపు వైపు పోలేదు.

సూపరింటెండెంట్ సారు కాసేపు ముల్లు వైపు చూశాడు. చెప్పులు విప్పి, తానే పలక ఎక్కి, పిడి పట్టుకొని ఒకసారి లాగాడు. తరువాత "సైదులూ, నాకు గూడ అనవయ్యా," అన్నాడు. సైదులు హైసా అంటే ఆయన ముల్లు కూడా తొమ్మిది కిలోలు ముందుకు పోయింది. పలక దిగి, "నంబర్ చెప్పింది గద, ఇగ నమ్ముత," అన్నాడు. ఆయన్ను చెడ్డవాడని అనను. ఆయనకు అంకె తప్ప వేరే భాష రాదు. నిజాన్ని ఆ భాషలోనే చెప్పాల్సి వచ్చింది, అంతే. అలాంటి అధికారులు మీకూ తగులుతారు. వాళ్ల మీద అలిగి కూర్చోకండి, వాళ్ల భాషలో నిజాన్ని పట్టుకెళ్లండి.

కానీ ఆ మూడు అంకెలతో నేను సంతోషపడి ఊరుకోలేదు, ఒకసారి కాలిన చెయ్యి కదా. బలం తిరిగి వచ్చిందని తెలిసింది, ఓపిక సంగతి తేలలేదు. రెండో రోజు సగం బస్తా ఇచ్చి వరండా ఆ కొస నుంచి ఈ కొసకు మోయించాను, మధ్యమధ్య ఆపుతూ, ఊపిరి చూస్తూ. ఇరవై తిరుగుళ్లు బాగానే తిరిగాడు. తరువాత నడుం ఒక పక్కకు వాలడం మొదలైంది. అప్పుడు ఆపాను. చెవులు పట్టి ఎత్తే పనికి ఇప్పుడే పోవచ్చు, వీపు మీద మోసే పనికి మూడు వారాలు ఆగాలి, అది కూడా రోజుకు కాస్త కాస్త పెంచుతూ. ఇదే రాశాను. మొదటి కాగితంలోని మాట నా తప్పు వల్ల రాశానని, జానయ్య ప్రయత్నంలో లోపం లేదని దాని కింద నా చేతితోనే, తెలుగులో రాశాను. సారు దస్కత్ చేశాడు.

హైసా

కాగితం సైదులు చేతికిచ్చి పంపితే పని అయిపోయేది. సారు కూడా అదే అన్నాడు. నాకు మనసొప్పలేదు. జానయ్య పేరు పోయింది కాగితం మీద కాదు, నలుగురిలో. తిరిగి రావలసింది కూడా అక్కడే.

మర్నాడు పొద్దున గంజ్‌కు పోయాను. ముఠా అంతా లారీ దగ్గర ఉంది. ఎల్లమ్మ కొంగు భుజాన కప్పుకొని దూరంగా నిలబడింది. జానయ్య వచ్చాడు గానీ బస్తాల దగ్గరకు రాలేదు, లారీ చక్రం పక్కనే ఆగాడు. కమిటీ గుమాస్తా చెయ్యి చాపాడు. "ఇటియ్యండి సార్, నేను సదువుత."

"నేను రాసిన తప్పు నేనే సదువుత," అన్నాను.

చదివాను. నడుం గురించి, మూడు వారాల గురించి చదివాక కాగితం మడిచి, కాగితంలో లేని మాట కూడా చెప్పాను. "జానయ్య పనిదొంగ కాడు. ఆయన బలం ఎట్ల కొలవాల్నో నాకు తెల్వక అట్ల రాసిన. తప్పు నాది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎల్లమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. జానయ్య నా వైపు చూడలేదు. మెల్లగా నడిచి వచ్చి, మొదటి బస్తా దగ్గర వంగి దాని చెవులు పట్టుకున్నాడు. అవతలి వైపు ఇంకొకతను వంగాడు. మోసేవాడు వీపు వంచాడు. అందరూ ఆగారు.

సైదులు పిలుపు ఇవ్వలేదు. జానయ్య తల ఎత్తి మేస్త్రి వైపు చూశాడు, తరువాత నా వైపు చూశాడు. ఆ మొదటి కాగితం తరువాత అతను నా కళ్లలోకి చూడటం అదే మొదలు.

"మీరే అనుండ్రి సార్," అన్నాడు.

పిలుపు పడకముందే ఒకడు లేపితే నడుం పోగొట్టుకున్న మనిషి. నేను బాపును తలుచుకొని "హైసా" అన్నాను. అది పిలుపులా లేదు, దగ్గులా ఉంది. జానయ్య మాత్రం ఆలోచించలేదు. బస్తా లేచింది.